డాలా చప్పుడు

ఆ చప్పుడు దశరథ్‌కు తప్ప ఎవరికీ వినపడదు.

మునుగోడు రోడ్డెక్కి బండి వేగం అందుకోగానే, వీపు వెనక ఎక్కడో, గోరుతో రేకును మీటినట్టు చిన్నగా ఒక చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఉండదేమో అనుకునే లోపల మళ్లీ ఒకటి. పక్కన ఎవరైనా ఉంటే "విన్నవా?" అని అడుగుతాడు. వాళ్లు మర్యాదకు చెవి రిక్కించి, లేదంటారు. లేదన్నప్పుడల్లా అతనికి వాళ్ల మీద కాదు, బండి మీద కోపం వస్తుంది. తన ముందే చప్పుడు చేసి నలుగురి ముందు నోరు మూసుకునే పిల్లాడి మీద వచ్చే కోపం లాంటిది.

శుక్రవారం పొద్దున్నే నల్లగొండలో మెకానిక్ ఎల్లస్వామి షెడ్డు ముందు బండి ఆపాడు. అది పాత పికప్. ఇద్దరు యజమానులు వాడి వదిలేశాక దశరథ్ చేతికొచ్చింది. కొన్న నాటి నుంచి ఏదో ఒకటి చేయిస్తూనే ఉన్నాడు. అద్దాలు మార్చాడు. హారన్ మార్చాడు. ముందు సీట్లకు ఎర్ర రెగ్జిన్ వేయించి, దాని మీదున్న ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు. ఎల్లస్వామికి ఈ బండి తన ఇంట్లో మనిషంత ఎరుక.

"మళ్ల ఏమొచ్చెరా నీ పట్టపుటేనుగుకు?" అన్నాడు ఎల్లస్వామి, పానాతో వీపు గోక్కుంటూ.

"ఎనుక చప్పుడొస్తుందన్నా. కమాను బుష్షులు పోయినట్టున్నయి."

ఎల్లస్వామి బండెక్కి గడియారం సెంటర్ దాకా పోయి వచ్చాడు. దిగి తలుపు నెమ్మదిగా వేశాడు.

"బండికేం కాలే. నీ చెవులే జర ఎక్కువ పనిచేస్తున్నయి. గింత శ్రద్ధగ పెండ్లాం మాట ఇంటే ఎప్పుడో బాగుపడుదువు."

"తమాషా కాదన్నా. ఎల్లుండి బండిని చూస్తరు."

ఎల్లస్వామి నవ్వు ఆపాడు. చూసేది చిట్యాల దగ్గరి విత్తనాల గోదాం వాళ్లు. నచ్చితే బండిని నెలవారీగా పెట్టుకుంటారు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని, టార్పాలిన్ కప్పిన సంచులు, గేటు దగ్గర సలాం కొట్టే వాచ్‌మన్. వాళ్ల ఇన్‌చార్జి సారు ఫోన్లో ఒక్క మాటే గట్టిగా అడిగాడు. "కూలీలను ఎక్కిస్తవా? అట్లాంటి బండి మాకొద్దు. రేపు ఎవడన్న పడి చస్తే కంపెనీ పేరు పేపర్లకెక్కుతది." దశరథ్ తడుముకోకుండా చెప్పాడు. "లేదు సార్. మాది సామాను బండి."

ఆ అబద్ధం చెప్పడం కష్టం కాలేదు. చెప్పాక అది నిజం కావాలన్న తొందర మాత్రం ఆ రోజు నుంచి అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

కావాలని పట్టుబట్టి బుష్షులు మార్పించాడు. జాకీ మీద లేచిన బండి కింద తనూ పడుకుని, ఎల్లస్వామి కమాను పట్టీల మధ్య గ్రీసు కూరుతుంటే కన్నార్పకుండా చూశాడు. సైలెన్సరు క్లాంపు బిగించారు. ముందు బంపరుకు మెరిసే స్టీలు పైపు బిగించారు. పక్కనున్న రేడియం షాపులో ఏం రాయాలని అడిగితే, ఎదురుగా లారీ మీద కనిపించింది చూసి, "అమ్మ దీవెన అని రాయి" అన్నాడు. క్యాబిన్ వెనక అద్దం నిండా నల్ల ఫిల్మ్ వేసి, దాని మీద పసుపు అక్షరాలు అతికించారు. దూరంగా నిలబడి చూసుకున్నాడు. బండి పెద్దింటి బండిలాగే ఉంది. ముందు నుంచి చూస్తే.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాడలో చడీచప్పుడు లేదు. ఆ రోజు చేన్ల పని లేదు. భార్య గ్రేస్, తల్లి మైసమ్మ ఉపవాస ప్రార్థనకు చర్చికి పోయారు. దశరథ్ బోరు పైపు పట్టి బండి కడగడం మొదలుపెట్టాడు. ముందు భాగం కడిగి, మొదటిసారి సరిగ్గా, వెనక తొట్టిలోకి ఎక్కాడు.

అతను రోజూ ఆ తొట్టిలో ఆడవాళ్లను పత్తి చేన్లకు తీసుకుపోతాడు. ఎక్కించడం, దించడం తప్ప అందులో ఏముందో చూసిన గుర్తు లేదు. ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరించింది. ఇనుప కమ్మీల పొడుగునా చీరల పేలికలు. కొన్ని కమ్మీకి చుట్టి ఉన్నాయి, కొన్ని పైనుంచి మెలితిప్పి వేలాడుతున్నాయి. రంగులు వెలిసి, చెమటకు నల్లబడి, చివర్లు బిరుసెక్కి ఉన్నాయి. రేకుల మీద అక్కడక్కడా తెల్లటి వేలి గీతలు. ఆకు వేసుకున్నాక వేలికి మిగిలిన సున్నం తుడిచినవి. సద్ది గిన్నెలు తగిలించడానికి వంచిన కట్టుతీగ కొక్కేలు. వెనక దించే తలుపు, డాలా, దాని కీలు సందులో ఏదో నల్లగా కుక్కి ఉంది. గోటితో లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే ఊడొచ్చింది. అరిగిపోయిన రబ్బరు చెప్పు ముక్క.

"ఛీ" అని గోడ అవతలికి విసిరేశాడు.

ఆ చూపుతో చూస్తే అదంతా ఇన్‌చార్జి సారు కళ్లకు ఎలా కనిపిస్తుందో తెలిసింది. కూలీల బండి అని ఒక్కొక్క పేలికా నోరు తెరిచి చెప్తుంది. కొడవలి తెచ్చి వరుసగా కోశాడు. కొన్ని ముడులు ఎంత గట్టిగా ఉన్నాయంటే, వేసిన చేతుల మీద కూడా అతనికి విసుగొచ్చింది. తీగ కొక్కేలు వంచి విరిచాడు. సున్నపు గీతలను కిరోసిన్ గుడ్డతో రుద్దాడు. పనంతా అయ్యాక పేలికలను కుప్పచేసి అగ్గిపుల్ల గీశాడు.

అవి మంటకంటే పొగే ఎక్కువ ఇచ్చాయి. గ్రేస్ గేటు తీసుకుని వచ్చి, పొగకు కొంగు అడ్డం పెట్టుకుని కుప్పకేసి చూసింది.

"గది నా నీలం చీర అంచు గదా."

"ఏది?"

"గదే. అత్తమ్మ అడిగితే చింపిచ్చిన. దేనికోననుకున్న."

దశరథ్ కాలితో కుప్పను కదిపాడు. నీలం అంచు మధ్యలోకి పోయి కనపడకుండా అయింది. మైసమ్మ గడప దగ్గర చెప్పులు విప్పుతూ ఒకసారి బండి వైపు చూసింది. లోపలికి పోయింది. దశరథ్ ఆ సాయంత్రం అన్నం తింటూ రెండుసార్లు లేచి పోయి, బిగించిన బోల్టులనే మళ్లీ బిగించి వచ్చాడు.

*

శనివారం పొద్దున ఆడవాళ్లు బండి చుట్టూ గుమిగూడి ఎక్కకుండా నిలబడ్డారు.

"ఏందిరో, బండికి గుండు కొట్టిచ్చినవ్?" అంది నర్సింగమ్మ. పొట్టిగా, ఎండు చింతపండులా ఉంటుంది. ఆమెకు మాట ముందు, మనిషి వెనక. "ఏ దేవునికి మొక్కినవ్ బిడ్డా?"

"యేసు ప్రభువుకు గుండ్లు ఉండయి గద పెద్దమ్మా" అందొక పిల్ల. అందరూ నవ్వారు.

"గలీజుగ ఉండె. కడిగిన" అన్నాడు దశరథ్.

"కడుగుతే మంచిదే. మరి పట్టుకునేటందుకేది?"

"కమ్మీ ఉన్నది గదా. ఎక్కుండ్రి, పొద్దెక్కుతాంది."

కమ్మీ నర్సింగమ్మ తల కంటే జానెడు పైన ఉంది. ఆమె దానికేసి చూసి, తన చేతికేసి చూసుకుని, టైరు మీద కాలు పెట్టి ఎక్కింది. మైసమ్మ చివర ఎక్కింది. క్యాబిన్‌లో పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. కూలికి పోయేటప్పుడు ఆమె కూలీలతోనే ఎక్కుతుంది. ముందుకు రమ్మని దశరథ్ పిలిచిన రోజూ లేదు, ఆమె రానన్న రోజూ లేదు. అడగకుండానే కుదిరిన ఏర్పాట్లు ఇళ్లలో చాలా ఉంటాయి. అడిగితే విరుగుతాయేమోనని ఎవరూ వాటిని కదపరు.

ఊరు దాటి రోడ్డెక్కగానే చప్పుడు మొదలైంది.

అది నిన్నటి గోటి మీటు కాదు. టకటకా, టకటకా, ఎవరో వెనక నుంచి తలుపు కొడుతున్నట్టు. దశరథ్‌కు చెమట పట్టింది. కొత్త బుష్షులు, కొత్త గ్రీసు, బిగించిన క్లాంపు. ఇంత చేశాక పెరగడమేమిటి? వేగం తగ్గించాడు. చప్పుడు నెమ్మదించింది. పెంచాడు. పెరిగింది. ఎడమ వైపా, కుడి వైపా? తల కొంచెం పక్కకు వంచి, ఒళ్లంతా చెవి చేసుకుని నడిపాడు. ముందు రోడ్డు ఉన్నట్టే ఉంది, కానీ అతని ధ్యాసంతా వెనకే ఉంది. చెరువు కట్ట కింద మలుపూ, అక్కడి గుంతా ఎప్పుడొచ్చాయో తెలియలేదు. బండి ఎగిరి పడింది. డాలా ఢామ్మని కొట్టుకుంది. "ఇది డాలానే" అని అతని మనసు ఆనందంగా పట్టుకుంది. అదే క్షణంలో వెనక లేచిన కేకను ఆ ఆనందం కాసేపు వినపడనివ్వలేదు. క్యాబిన్ కప్పు మీద ఎవరో అరచేత్తో దబదబా బాదాక గాని బ్రేకు వేయలేదు.

నర్సింగమ్మ తొట్టిలో గిన్నెల మధ్య కూలబడి ఉంది. చిమ్మిన పప్పు చీర మీద. కుడి మణికట్టు ఉండాల్సిన వైపు లేదు. ఆమె ఏడవడం లేదు. ఆ చేతిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని, పరాయి వస్తువును చూసినట్టు చూస్తోంది.

దవాఖానలో పట్టీ వేస్తుంటే దశరథ్ లోపలికి పోలేదు. బయట బండి కింద దూరి, డాలా గొలుసు కొక్కేన్ని సుత్తితో కొట్టి బిగించాడు. మళ్లీ ఊపి చూశాడు. కొట్టుకుంటోంది. చేతులకు ఏదో ఒక పని ఉంటే తప్ప అతనికి ఊపిరాడటం లేదు. తల్లి మెట్ల మీద కూర్చుని తనవైపే చూస్తోందని వెనక్కి తిరగకుండానే తెలుస్తోంది.

నర్సింగమ్మ తెల్లటి కట్టుతో బయటికొచ్చింది. దశరథ్ లేచి గ్రీసు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కమ్మీ పట్టుకొమ్మంటిని గదా పెద్దమ్మా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు దాటిపోయింది.

"నీ తప్పేం లేదు బిడ్డా" అంది ఆమె. "చెయ్యి అలవాటుకొద్ది పోయింది. ఆడ ఉంటదనుకున్న."

*

పత్తి సీజన్‌లో గోదాముకు ఆదివారం లేదు. ఇన్‌చార్జి సారు కుర్చీలోంచి లేవకుండానే బండి ముందు భాగం చూసి తలూపాడు. సీట్లు చూసి తలూపాడు. లేచి వెనక తొట్టిలోకి తొంగి చూసి, "నీట్‌గ పెట్టినవ్" అన్నాడు. దశరథ్ గుండె నిండింది. తర్వాత సారు పక్కన కూర్చుని కాంపౌండులో ఒక చుట్టు తిప్పమన్నాడు. ప్లాస్టిక్ కవరు ఆయన కింద కిర్రుమంది.

సగం చుట్టు కూడా కాకముందే సారు చేయెత్తాడు.

"ఏంది తమ్మీ, గీ డప్పు?"

"డాలా సార్. కొంచెం లూజు..."

"సంచులు మొలకల విత్తనం. గిట్ల దరువేసుకుంట పోతే అడుగున పొడైతది. రేపు పొద్దున చేయించుకొని రా. లేకుంటే ఇంకో బండి లైన్ల ఉన్నది."

తిరిగి వస్తున్నంతసేపూ దశరథ్‌కు డాలా చప్పుడు కంటే ఆ ఒక్క మాట ఎక్కువ వినిపించింది. డప్పు. దరువు. ఊరికే అన్నాడా? పేరు చూసి కులం తెలుసుకుని అన్నాడా? తన బాపు డప్పు కొట్టిన సంగతి ఆ మనిషికెలా తెలుస్తుంది? తెలియదు. తెలియకుండా అన్నా గుచ్చుకున్నదంటే ముల్లు తనలోనే ఉందన్నమాట. స్టీలు పైపు, ఎర్ర సీటు, పసుపు అక్షరాలు, అన్నీ ఆ ముల్లు మీద కప్పిన గుడ్డలేనా? అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసి, హారన్ అవసరం లేని చోట గట్టిగా కొట్టాడు.

ఎల్లస్వామి షెడ్డు మూసి ఉంది. ఇంట్లో గ్రేస్ అన్నం పెడుతూ అంది: "నర్సింగమ్మ పెద్దమ్మకు సద్ది ఇచ్చొచ్చిన. రేపు చేనుకొస్తదట."

"కట్టుతోనా?"

"ఎడమ చెయ్యి ఉన్నది గదా అంటది. ఇంట్ల కూసుంటే గోడలు మాట్లాడ్తయా అంటది." కంచంలో పులుసు పోస్తూ ఆగింది. "నువ్వొక్కసారి పోవద్దా?"

"చప్పుడు దొరకాలె ముందుగాల" అన్నాడు దశరథ్.

గ్రేస్ అతని మొహంలోకి చూసింది, దేన్నో వెతికి దొరకనట్టు.

*

సోమవారం పొద్దున తమ్ముడు విజేందర్‌ను పిలిచాడు. విజేందర్ ఆటో నడుపుతాడు, అన్న బండి తాళం చేతికిస్తే నమ్మలేదు.

"నాకా? కలగన్నవా?"

"నువ్వు నడుపు. నేను ఎనుక నిలవడి చప్పుడు యాడ్నుంచి వస్తుందో చూస్త. అందర్ని దింపి గటే గోదాముకు పోదం."

దశరథ్ డాలా దగ్గర టైరు మీద కాలు పెట్టాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. రేకు అంచు పొద్దుటి మంచుకు తడిగా ఉంది. రెండోసారికి ఎక్కాడు. ఆడవాళ్లు జరిగి జాగా ఇచ్చారు. మైసమ్మ అతని పక్కకొచ్చి నిలబడింది. తన సొంత బండిలో అతిథిలా నిలబడ్డాడు.

"ఓనరు సాబ్ మనతోటి వస్తుండు. కిరాయి తీసుకోవాలె" అంది నర్సింగమ్మ. కట్టు వేసిన చేతిని పసిబిడ్డలా రొమ్ముకు ఆనించుకుని, ఇద్దరి మధ్య ఇరుక్కుని నిలబడింది.

బండి కదిలింది. క్యాబిన్‌లో ఉన్నప్పుడు ఈ రోడ్డు ఇలా ఉండదు. అక్కడ గుంత ముందే కనిపిస్తుంది, ఒళ్లు సిద్ధపడుతుంది. ఇక్కడ అంతా అయ్యాకే తెలుస్తుంది. ఏ కుదుపూ చెప్పి రాదు. కాళ్ల కింద రేకు, నాలుగు వైపులా గాలి. దశరథ్ డాలా వైపు చెవి పెట్టాలనుకున్నాడు. చప్పుడు వస్తూనే ఉంది. కానీ వినడానికి ముందు నిలబడాలి. నిలబడటమే ఇక్కడ పెద్ద పని అని అతనికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

చెరువు కట్ట కింద మలుపు వచ్చింది. విజేందర్ ఆటో అలవాటులో హఠాత్తుగా తిప్పాడు. దశరథ్ చేయి తనంతట తాను పైకి లేచింది, గాలిలో ఏదో పట్టుకుని మూసుకుంది. పిడికిట్లో ఏమీ లేదు. ఒళ్లు వెనక్కి ఒరిగింది. డాలా నడుముకు తగిలి, దాని మీదుగా రోడ్డు తలకిందులుగా కనిపించింది. ఎవరిదో చేయి చొక్కా వెనక పట్టుకుని లాగింది. కాలరు గొంతుకు బిగిసింది.

మైసమ్మ. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కొడుకు.

ఆమె వెంటనే వదల్లేదు. బండి నిలకడగా పోవడం మొదలుపెట్టాక కూడా ఆ పిడికిలి చొక్కా మీదే ఉంది.

చేను దగ్గర అందరూ దిగారు. దశరథ్ దిగి, డాలాకు ఆనుకుని నిలబడ్డాడు. చేతికింద డాలా కదిలి టక్కుమంది. దాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ, కీలు సందులోకి చూశాడు. వేలు పట్టేంత ఖాళీ.

"గాడ చెప్పుముక్క పెట్టిన గద రా" అంది మైసమ్మ. "ఎప్పుడో పెట్టిన. నడుమ జర అరిగింది, మార్చాలె అనుకుంటనే ఉన్న. ఏంజేసినవ్ దాన్ని?"

"పారేసిన."

"మరి చప్పుడు చెయ్యదా?"

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"నువ్వు చప్పుడని ఎల్లస్వామికి చెప్పినవ్. మాకు చెప్పినవా?"

నర్సింగమ్మ ఎడమ కాలి చెప్పు విడిచి, కాలితో అతని వైపు నెట్టింది. "ఇగో, నాది తెగనే తెగింది. కోసుకో. గీ చేన్ల చెప్పులతోటి ఏం పని?"

దశరథ్ ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. మడమ దగ్గర పల్చబడి, పాదం ఆకారం దిగి ఉంది. ముక్క కోసి సందులో కుక్కితే చాలు. బండి గమ్మునుంటుంది. గోదాముకు పోవచ్చు. వారం రోజులుగా తాను వెతికిన జవాబు చేతిలో ఉంది. అయినా అతను కత్తి కోసం క్యాబిన్ దగ్గరికి పోలేదు. ఆడవాళ్లు పత్తి సంచులు నడుముకు కట్టుకుంటూ చేను గట్టు మీదికి కదులుతున్నారు.

"జర ఆగుండ్రి" అన్నాడు.

ఆగారు. అతను చేత్తో తొట్టి వైపు చూపించాడు.

"ఒక్కసారి మళ్ల ఎక్కుండ్రి."

"ఏందిరా, ఇంక పడవెయ్యాలెనా?" అంది నర్సింగమ్మ.

"ఎవ్వలు ఎక్కడ నిలవడుతుండిరో గక్కడ నిలవడుండ్రి. ఎవ్వల పేలిక ఎక్కడుండెనో చెయ్యి పెట్టి చూపియ్యుండ్రి. పైపు ఉన్నది. ముందల బంపరుది. గది కోపిచ్చి ఎవ్వల ఎత్తుకు వాళ్లకు పిడి పెట్టిస్త."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున్నే ఇదేం ఆటంటూ గొణుక్కుంటూ ఎక్కారు. చేతులెత్తారు. ఒకామె చేయి భుజం ఎత్తున ఆగింది, ఒకామెది చెవి దగ్గర. ఏ రెండు చేతులూ ఒక్క ఎత్తులో లేవు. అందరూ లేని పేలికలను పట్టుకుని, కదలని బండిలో నిలబడ్డారు. నర్సింగమ్మ కట్టు చేతిని ఎత్తబోయి ఆపి, ఎడమ చేత్తో చూపించింది.

"గీడ. కుడి చెయ్యికి."

గుర్తు పెట్టడానికి దశరథ్ జేబులు తడుముకున్నాడు. నర్సింగమ్మ రొండిన దోపుకున్న సున్నపు డబ్బీ తీసి ఇచ్చింది. అతను వేలు ముంచి, ఆమె చేతికి ఎదురుగా రేకు మీద తెల్లగా గీశాడు. తర్వాత పక్కామె దగ్గర. తర్వాత ఇంకొకామె దగ్గర. కిరోసిన్‌తో రుద్దిన రేకు మీద ఒక్కొక్కటే గీతలు మళ్లీ లేచాయి.

క్యాబిన్‌లో ఫోను మోగింది. విజేందర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, గోదాం సారు. లైన్ల ఉన్నడు. ఏం చెప్పాలె?"

"కూలోళ్లను దింపుతున్నడని చెప్పు."

"గట్లనే చెప్పాల్నా?"

"గట్లనే."

చివరికి మైసమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె అందరికంటే ముందు, క్యాబిన్‌కు ఆనుకుని నిలబడి ఉంది. చేయి మాత్రం ఎత్తలేదు.

"నీదెక్కడమ్మా? నీలం అంచుది."

మైసమ్మ వెనక అద్దం అంచు మీద చేయి వేసింది, పసుపు అక్షరాల పక్కన.

"గీడ. ఈడ పట్టుకుంటే నువ్వు నడిపేది కనవడుతుండె" అంది. "ఇప్పుడు నల్లగ చేసి ఏందో రాపిచ్చినవ్. కనవడ్తలేదు."

దశరథ్ సున్నపు వేలు అద్దం మీద పెట్టి ఆగాడు. తర్వాత గోరుతో, మొదటి అక్షరం పక్కన ఫిల్మ్ అంచు ఎక్కడ లేస్తుందో వెతకడం మొదలుపెట్టాడు.